మిరప తోటలో ఐపీఎం ఎలా చేయాలి: పువ్వు దులిపి లెక్కపెట్టే పద్ధతి

గుంటూరు చుట్టుపక్కల ఏ మిరప తోటకెళ్లినా ఇప్పుడు నీలం జిగురు అట్టలు కనపడతాయి. రైతుని అడిగితే ఐపీఎం చేస్తున్నామండీ అంటాడు, అదే రైతు మూడు నాలుగు రోజులకోసారి తైవాన్ పంపు భుజానేసుకుని ఒక్కో ట్యాంకులో మూడు రకాల మందులు కలిపి కొడుతుంటాడు. దాన్ని ఐపీఎం అనరండీ. పురుగు నిజంగా ఎంతుందో చూసుకుని, మిగతా పనులన్నీ చేశాక కూడా ఆగకపోతే అప్పుడు మందు తీయడం, దానికే సమగ్ర సస్యరక్షణ అని పేరు. ప్రత్తిపాడు వైపు చాలా ఏళ్లుగా మిరప వేస్తున్నా, అడిగినోళ్లకి చేలో నిలబెట్టి చూపిస్తున్నా, ఎక్కువ మంది తప్పేది ఒకే ఒక్క చోట. అందుకని మిగతావి గబగబా చెప్పేసి అక్కడ ఆగుతాను.

నారు కంటే ముందు అమ్మకం

ఇది ఎవరూ చెప్పరు. మిర్చి యార్డులో మీ టిక్కీ, అంటే మిర్చి బస్తా, విప్పి చూసేవాళ్లు రంగు చూస్తారు, తేమ చూస్తారు, తాలు (రంగు పోయిన నాసి కాయ) ఎంతుందో చూస్తారు, కాయ విరిచి చూస్తారు. మందు అవశేషాలు ఎన్ని ఉన్నాయో చేత్తో చూస్తే తెలిసేది కాదు కాబట్టి దానికి అక్కడ రేటు లేదు. మీరు ఎంత శుభ్రంగా పండించినా యార్డుకి తోలితే పక్కవాడి కాయతో పాటే పోతుంది. శుభ్రమైన కాయ కావాల్సినవాళ్లు ఎగుమతిదారులు, మసాలా కంపెనీలు, వాళ్లకి కాయ ఇచ్చే రైతు సంఘాలు. వాళ్లతో జూన్, జులైలోనే మాట్లాడుకోవాలి, ఏ మందులు వాడకూడదో లిస్టు తీసుకోవాలి, ఎక్కువ రేటు ఎంతిస్తారో కాగితం మీద రాయించుకోవాలి. కోతలయ్యాక వెళ్లి మాది ఐపీఎం కాయండీ అంటే ఎవరూ వినరు.

యూరప్ వాళ్లు ఏ మందుకైనా విడిగా హద్దు పెట్టకపోతే కిలోకి 0.01 మిల్లీగ్రాము దాటకూడదంటారు. పైగా పచ్చికాయ ఎండి నీళ్లు పోయేసరికి బరువు తగ్గిపోతుంది, మందు మాత్రం చాలావరకు అక్కడే ఉండి చిక్కబడుతుంది. చివరి కోతల ముందు కొట్టిన ఒక్క పిచికారీ చాలు సరుకంతా వెనక్కి రావడానికి.

నారు, నేల, అట్టలు

నారు షేడ్‌నెట్ నర్సరీలో ప్రోట్రేలలో, అంటే గుంటల ప్లాస్టిక్ ట్రేలలో, పెంచిందే తెచ్చుకోండి, బయట మడిలో పెంచింది వద్దు. సొంత విత్తనమైతే లీటరు నీళ్లలో 150 గ్రాముల ట్రైసోడియం ఆర్థో ఫాస్ఫేట్ కలిపి 20 నిమిషాలు నానబెట్టి కడిగి ఆరబెట్టండి, గింజ మీద ఉండే వైరస్ పోతుంది. దుక్కిలో వేపపిండి వేయండి, తామర పురుగు (త్రిప్స్) కోశస్థ దశ, అంటే రెక్కల పురుగు అయ్యే ముందు దశ, మట్టిలోనే గడుపుతుంది కాబట్టి ఈ ఖర్చు దండగ కాదు. ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంద్రం 2 కిలోలు, చివికిన పశువుల ఎరువు 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు కలిపి తడిపి నీడలో వారం పది రోజులు ఉంచి చల్లండి. చుట్టూ మూడు సాళ్లు జొన్నగానీ మొక్కజొన్నగానీ ఒత్తుగా వేయండి, నేనైతే జొన్నే వేస్తా. గట్ల మీద ఆముదం, లద్దెపురుగు గుడ్లు పెట్టిన ఆకులు తెంపి పారేయడానికి. పిట్టలు వాలి పురుగుల్ని ఏరుకు తినడానికి ఎకరానికి పది పదిహేను పక్షి స్థావరాలు. ఆడ పురుగు వాసన ఎరతో మగవాటిని పట్టే లింగాకర్షక బుట్టలు పొగాకు లద్దెపురుగుకి, శనగపచ్చ పురుగుకి వేర్వేరు ఎరలతో. జిగురు అట్టలు ఎకరానికి 25 నుంచి 30, తామర పురుగుకి నీలం, తెల్లదోమకి పసుపు, మొక్క కొనకి కొంచెం పైన ఉండేట్టు కట్టి మొక్క పెరిగేకొద్దీ పైకి జరుపుతుండాలి. దుమ్ము పట్టి ఎండిపోయిన అట్ట ఉన్నా లేనట్టే. యూరియా తగ్గించండి, లేత కొనలు విరగబడి వస్తే పురుగుని మీరే పిలిచినట్టు.

ఇంతవరకు ఎవరైనా చేస్తారు. అసలు పని ఇప్పుడు.

లెక్క పెట్టడం, ఆగడం

2021లో ఈ ప్రాంతానికి నల్ల తామర పురుగు వచ్చి పడింది, ఆగ్నేయాసియా నుంచి వచ్చిన రకం, మన దేశంలో 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మొదటిసారి కనపడింది. అంతకుముందు మనకి తెలిసిన తామర పురుగు లేత ఆకుల మీద ఉండేది, ఇది పువ్వులోకి దూరి పూతంతా రాల్చేస్తుంది. ఆ ఏడు జనం భయపడి దొరికిన ప్రతి మందూ కొట్టారు, చాలా తోటలు పీకేశారు. పువ్వు లోపల దాక్కున్న పురుగుకి పైపైన కొట్టిన మందు సరిగ్గా తగల్లేదు, దాన్ని తినే మిత్రపురుగులు మాత్రం బయట తిరుగుతాయి కాబట్టి ముందు అవే చచ్చాయి. సింథటిక్ పైరిథ్రాయిడ్లు అనే రకం రసాయన మందులు ఎక్కువ కొట్టిన చేలో తామర పురుగూ నల్లీ (మైట్) రెట్టింపుగా తిరిగొస్తాయని శాస్త్రవేత్తలు అప్పుడూ చెప్పారు, ఇప్పుడూ చెబుతున్నారు, అయినా షాపులో అవే ముందు పెడతారు.

కాబట్టి మందు కొట్టాలా వద్దా అన్నది మీ నోటుబుక్ చెప్పాలి. షాపువాడు చెప్పకూడదు, పక్క చేలో పంపు చప్పుడు అసలే చెప్పకూడదు.

వారంలో ఒక రోజు పెట్టుకోండి, ప్రతి వారం అదే రోజు, పొద్దున్నే ఎండ ముదరకముందు. గట్టు పక్క మొక్కలు వదిలేయండి, అక్కడ ఎప్పుడూ ఎక్కువే కనపడతాయి. చేనంతా వంకరటింకరగా నడుస్తూ 25 మొక్కల దగ్గర ఆగండి, బాగున్నవీ బాగోలేనివీ ఏరకుండా, కాలు ఆగిన చోట ఉన్న మొక్కే. ఒక్కో మొక్కకి విచ్చిన పువ్వులు రెండు తెల్ల కాగితం మీద దులపండి, గట్టిగా, రెండు మూడుసార్లు. 50 పువ్వుల లెక్క వస్తుంది. అవే మొక్కల కొన ఆకులు తిప్పి అడుగున భూతద్దంతో చూడండి, తెల్లనల్లి కంటికి ఆనదు, భూతద్దం లేకుండా నల్లి లేదు అనేవాళ్ల మాట నమ్మొద్దు.

ఇక్కడ మూడు పొరపాట్లు జరుగుతాయి, మూడూ డబ్బు తినేవే.

మొదటిది, ముడత అంతా ఒకటే అనుకోవడం. ఆకు అంచులు పైకి లేచి పడవలాగా అయితే అది పై ముడత, తామర పురుగు. అంచులు కిందకి వంగి ఆకు ముదురు ఆకుపచ్చగా మారి కాడ సాగితే కింది ముడత, నల్లి. ఆకులు చిన్నవై పసుపెక్కి మొక్క గిడసబారితే అది వైరస్, తెల్లదోమ మోసుకొచ్చింది, దానికి ఏ మందూ లేదు, మొక్క పీకి దూరంగా పాతెయ్యాలి. నల్లి ఉన్న చేలో తామర పురుగు మందు, వైరస్ వచ్చిన చేలో నల్లి మందు కొట్టి కొట్టి అప్పులపాలైన వాళ్లు మా వైపు ఎంతమందో. ఫోన్లో ఫోటో పంపి మందు పేరు చెప్పమంటారు, ఆకు అడుగు చూడకుండా నేను ఎవరికీ పేరు చెప్పను, మీరూ అడక్కండి.

రెండోది, కాగితం మీద పడిన ప్రతి నల్ల చుక్కా శత్రువే అనుకోవడం. నల్ల తామర పురుగు సన్నగా పొడుగ్గా, ఒక మిల్లీమీటరు ఉంటుంది, అందులో మగవి పసుపుగా ఉంటాయి కాబట్టి అవీ లెక్కలో వేసుకోవాలి. ఓరియస్ అనే బుల్లి పురుగు కూడా పువ్వులోనే ఉంటుంది, నలుపే, కానీ ఒళ్లు వెడల్పుగా కోడిగుడ్డు ఆకారంలో ఉండి రెక్కల మీద తెల్ల మచ్చతో గబగబా పరిగెడుతుంది. అది తామర పురుగుని తింటుంది. దాన్నీ, సాలీళ్లనీ, అక్షింతల పురుగులనీ విడిగా పక్క గడిలో రాయండి. ఈ రెండో గడి రాయనివాళ్లది సగం లెక్కే.

మూడోది అన్నిటికంటే పెద్దది, ఒక్కరోజు అంకె చూసి బెదిరిపోవడం. ఒక్క వారం అంకెతో నిర్ణయం తీసుకోకూడదు, పోయిన వారంతో పోల్చాలి. ఉదాహరణకి పోయిన వారం 50 పువ్వుల్లో 90 పురుగులు, ఈ వారం 80, ఓరియస్ కనపడుతోంది, పిందె నిలబడుతోంది, అప్పుడు ఆగాలి. పోయిన వారం 60, ఈ వారం 150, మిత్రపురుగుల గడి ఖాళీ, పూత రాలుతోంది, అప్పుడు ఆగకూడదు, ఆరోజు సాయంత్రమే కొట్టాలి. మధ్యలో ఎక్కడో ఉంటే నాలుగో రోజు మళ్లీ లెక్కపెట్టాలి. చేలో ఒక మూలే ఎక్కువుంటే ఆ మూలకే కొట్టండి, ఎకరమంతా తడపాల్సిన పనిలేదు. ఆగడం కష్టమే, ఎకరానికి లక్షలు పోసి, అందులో కౌలు కూడా కట్టి చేతులు కట్టుకుని చూడమంటే ఎవరికైనా నిద్రపట్టదు. కానీ ఆ ఆగిన నాలుగు రోజుల్లోనే మిత్రపురుగులు పుంజుకుంటాయి, పుంజుకున్న చేలో తర్వాత మందుల ఖర్చు తగ్గుతుంది. క్యాలెండర్ చూసి కొట్టేవాళ్లకి ఆ అవకాశమే రాదు.

కొట్టాల్సి వస్తే

ముందు వేపగింజల కషాయం, 100 లీటర్లకి 5 కిలోల పలుకులు దంచి రాత్రి నానబెట్టి గుడ్డలో వడకట్టి కొంచెం సబ్బు కలిపి. కొన్న వేపనూనె వద్దు, గింజలు ఎండాకాలంలోనే ఏరించుకుని నీడలో ఆరబెట్టి పెట్టుకోండి. తర్వాత పురుగుకి రోగం తెప్పించి చంపే శిలీంద్రాలు, బవేరియాగానీ వర్టిసీలియంగానీ, లీటరుకి 5 గ్రాములు, సాయంత్రం, మంచు పడే నెలల్లో. మార్చి ఎండలో కొడితే డబ్బులు గాల్లో కలిసినట్టే. తెగుళ్లకి కొట్టే శిలీంద్రనాశక మందులతో కలపొద్దు, బవేరియా కూడా శిలీంద్రమే, చచ్చిపోతుంది. కషాయాలతోనే పంట మొత్తం తీస్తామనే వాళ్ల పట్టుదల నాకు గౌరవమే, కానీ పూత మీద నల్ల తామర పురుగు విరుచుకుపడిన వారంలో అవి ఒక్కటే సరిపోవు, ఆ వారం రసాయనం ఒకటి కొట్టాల్సిందే.

రసాయనం ఒకసారికి ఒకటే, మిరప మీద వాడొచ్చని లేబుల్ మీద ఉన్నదే, లేబుల్ డోసులోనే. మారుస్తున్నాం కదా అంటారు, ఇమిడాక్లోప్రిడ్ తర్వాత థయామెథాక్సామ్ కొట్టి. డబ్బా మారిందంతే, రెండూ ఒకే గ్రూపు, పురుగు మీద పనిచేసే తీరు ఒకటే. క్లోరాంట్రానిలిప్రోల్, సయాంట్రానిలిప్రోల్ కూడా అంతే. గ్రూపు మార్చాలి. కొట్టిన మూడో రోజు మళ్లీ పువ్వులు దులిపి చూడండి, తగ్గకపోతే డోసు పెంచకుండా గ్రూపు మార్చండి.

ఇక బయో మందుల గోల. ఇప్పుడు షాపుల్లో సగం అరలు అవే. నిజమైన బవేరియా పురుగుని చంపడానికి రోజులు పడుతుంది, కొట్టిన గంటలో పురుగు రాలిపోయిందంటే అందులో రసాయనం కలిసిందని అనుమానించాలి, దాని పేరు సీసా మీద ఉండదు, ల్యాబ్ రిపోర్టులో మాత్రం తేలుతుంది, అప్పుడు మీ కాయ పోతుంది. పురుగుని చంపుతుందని చెప్పి అమ్మేదేదైనా పురుగుమందుగా రిజిస్టర్ అయి ఉండాలి. మొక్క పెరుగుదలకి వాడే బయో స్టిమ్యులెంట్లని 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వుల కిందకి తెచ్చారు, అది వేరే లెక్క, ఆ పేరుతో పురుగుమందు అమ్మితే కొనకండి. రిజిస్ట్రేషన్ నంబరు, తయారీ తేదీ, గ్రాముకి ఎన్ని శిలీంద్ర బీజాలో చూడండి, రేకుల షెడ్డులో ఎండకి మాడిన సంచి వద్దు, బిల్లు లేకుండా అసలే వద్దు. అరువుకి ఇచ్చే షాపులో అడగడం మొహమాటంగా ఉంటుందని తెలుసు. పంట తాకట్టు అయినప్పుడు మందు ఎంచుకునేది అప్పిచ్చినవాడే, ఐపీఎం మన దగ్గర పాకకపోవడానికి పెద్ద కారణం పురుగు కాదు, ఆ అరువు ఖాతా. విత్తనానికీ ఎరువుకీ అప్పు చేసినా మందుల డబ్బు మాత్రం చేతిలో ఉంచుకోండి.

కోత, ఆరబెట్టడం, పరీక్ష

లేబుల్ మీద కోతకి ముందు ఎన్ని రోజులు ఆగాలో ఉంటుంది, దానికి నేను ఇంకో వారం కలుపుతా, మీరూ కలపండి. కల్లంలో పట్టాల మీదే ఆరబెట్టండి, తేమ 10, 11 శాతానికి రావాలి, లేకపోతే బూజు పట్టి, ఆ బూజు వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషంతో ఇంకో తిప్పలు. ఐపీఎం కాయని మామూలు కాయతో ఒకే పట్టా మీద పోయొద్దు.

ధర సంగతి కూడా చెప్పాలి. 2023లో క్వింటా 20 వేలు దాటిన మిర్చి, 2025 మొదట్లో పడిపోయి కేంద్రం 11,781 రూపాయలకి మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సి వచ్చింది. ధర ఎక్కువున్న ఏడాది భయంతో మందులు పెంచుతారు, ధర పడిన ఏడాది లెక్కపెట్టే కూలి దండగంటారు. రెండు ఏళ్లూ లెక్క మానేయకూడదు, ధర పడినప్పుడు మనం నిజంగా తగ్గించుకోగలిగిన ఖర్చు మందులదే.

అమ్మే ముందు పరీక్ష చేయించండి. స్పైసెస్ బోర్డు ల్యాబ్ గుంటూరులోనే ఉంది. ఒక్క సంచిలోంచి గుప్పెడు తీస్తే అది శాంపిల్ కాదు, చాలా సంచుల్లోంచి పైనా మధ్యలో అడుగునా కొద్దికొద్దిగా తీసి కలిపి, అందులోంచి రెండు పొట్లాలు కట్టండి, ఒకటి ల్యాబ్‌కి, ఒకటి తేదీ రాసి మీ దగ్గరే. కొనేవాళ్ల రిపోర్టు తేడాగా వస్తే ఆ రెండో పొట్లం, ఏ రోజు ఏం కొట్టారో రాసిన నోటుబుక్, మందు బిల్లులు, ఈ మూడూ పెట్టి మాట్లాడండి, మూడింట్లో ఒకటి లేకపోయినా వాళ్లు చెప్పిన రేటే ఒప్పుకోవాల్సి వస్తుంది.