సన్నని మిషన్ క్విల్టింగ్‌కి దారం: 120 నంబరు చూసి మోసపోకండి

మాది చీరాల. నాన్న మగ్గం నేసేవారు. అరవైలు, ఎనభైలు, నూర్లు అంటూ నూలు నంబర్ల మధ్య పెరిగాను. పౌను బరువుకి 840 గజాల చిలపలు (నూలు కట్టలు) ఎన్ని తూగితే అది ఆ నూలు నంబరు. నంబరు పెరిగిందంటే నూలు సన్నబడినట్టే. ఎక్కాలకంటే ముందు వచ్చిన ఈ లెక్కే బెంగుళూరులో నా కొంప ముంచింది.

మారతహళ్ళిలో బ్లౌజులు కుడతాను. ఎదురు అపార్ట్‌మెంట్‌లో ఒకామె తన మనవరాలికి బొంత కుట్టమంది. పాత చీరలు పేర్చి కుట్టే మన బొంత కాదు, రెండు గుడ్డల మధ్య దూది పొర పెట్టి డిజైను కుట్టే క్విల్ట్. తెల్ల మల్‌మల్ మీద తెల్ల దారంతో ఈకల డిజైను, ఖాళీల్లో ఆవగింజంత మెలికలు. నా దగ్గరున్న రీళ్లలో పెద్ద నంబరు 120, రోజూ బ్లౌజులకి వాడే పాలిస్టర్ దారం. నూర్ల నూలు కంటే సన్నమేలే అనుకుని అదే ఎక్కించాను. ఈక కుట్టేటప్పుడు ప్రతి రెమ్మకీ మధ్య కాడ మీదకి వచ్చి, మళ్ళీ వెళ్ళాలి. ఒకే గీత మీద మూడు నాలుగు కుట్లు పడతాయి. అయ్యేసరికి ఆ కాడ పలుపుతాడులా లేచి కూర్చుంది. మా అత్తయ్య వేలితో తడిమి, "ఇదేంటే, పిల్ల వీపుకి ఒత్తుకోదూ?" అంది. మూడు రాత్రులు కూర్చుని ఊడదీశాను.

తప్పు దారానిది కాదు, దాన్ని మగ్గం లెక్కలో చదివిన నాది. టైలరింగ్ రీలు మీద ఉండేది టికెట్ నంబరు. క్విల్టింగ్ రీళ్ల మీద ఉండేది వెయిట్. ఎంబ్రాయిడరీ కోన్ల మీద ఉండేది డెనియర్. మూడూ మూడు భాషలు. వీటన్నిటినీ టెక్స్‌లోకి మార్చుకుంటే గొడవ వదులుతుంది. కిలోమీటరు దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని టెక్స్. టెక్స్ తగ్గేకొద్దీ దారం సన్నం.

పాలిస్టర్ రీలు మీద టికెట్ నంబరుంటే 3000ని దాంతో భాగించండి. 120 టికెట్ అంటే టెక్స్ 25. వెయిట్ ఉంటే 1000ని భాగించండి. 40 వెయిట్ కూడా టెక్స్ 25 దగ్గరే తేలుతుంది. అంటే నేను సన్నమనుకున్న 120, క్విల్టింగ్ వాళ్ల 40కి కవలపిల్ల. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ వాళ్ల మెరుపు దారం మీద 120డి/2 అని ఉంటుంది. 120 డెనియర్ పోగులు రెండు, మొత్తం 240. డెనియర్ 9000 మీటర్ల బరువు కాబట్టి తొమ్మిదితో భాగిస్తే టెక్స్ 27 దాకా వస్తుంది. అదీ ఇదే లావు. నూలు రీలు మీద 50/3, 50/2 అని రెండు కనిపిస్తే 50/2 తీసుకోండి. గీత పక్కన ఉన్నది పోగుల సంఖ్య, మూడు పోగులది లావు. కంపెనీలన్నీ వెయిట్‌ని ఒకేలా లెక్కేయవు. అందుకే రీలు అడుగున టెక్స్ వేసుంటే దాన్నే నమ్ముతాను.

చీటీ ఊడిపోయిన రీళ్లు నా డబ్బాలో బోలెడు. వాటికి నా పద్ధతి ఇది. అరమీటరు పొడవు గట్టి అట్ట తీసుకుని, దారాన్ని లాగకుండా పొడుగునా వంద చుట్లు చుడతాను. ఒక్కో చుట్టు మీటరు, మొత్తం వంద మీటర్లు. ఆ కట్టని జాగ్రత్తగా జార్చి, బంగారం తూచే చిన్న కాటాలో వేస్తాను. రెండున్నర గ్రాములు వస్తే టెక్స్ 25. గ్రాము వస్తే టెక్స్ 10, పండగే.

ఇక ఏ పనికి ఏది. బొంత నిండా వెడల్పు గీతలో, గళ్ళో వేస్తుంటే టెక్స్ 25 చాలు, బ్లౌజు దారమైనా ఫర్వాలేదు. డిజైను అంచు గీతకి టెక్స్ 20, అంటే 50 వెయిట్ నూలు. గీత మీద గీత వెళ్ళే ఈకలకి 60 వెయిట్, టెక్స్ 17. ఆవగింజ మెలికలకి 80 లేదా 100 వెయిట్. ఇక్కడ దారం కనపడకూడదు. మెలికలు నేలని అణిచేస్తే పక్కనున్న ఈక పొంగి కనపడాలి.

80, 100 వెయిట్లు చాలావరకు బయటి దేశాలవే. ఇటలీ ఆరిఫిల్ వాళ్ల 80 వెయిట్ నూలు చెక్క రీలు మీద వస్తుంది. దొరికితే ఒక తెలుపు, ఒక బూడిద రంగు కొనుక్కోండి, చాలాకాలం వస్తుంది. కానీ ప్రతిసారీ తెప్పించుకునే ఓపిక ఎవరికుంది? నాకు అక్కరకొచ్చింది కంప్యూటర్ ఎంబ్రాయిడరీ సామాను. బుల్లి అక్షరాలు కుట్టడానికి వాళ్లు 75డి/2 అనే సన్న పాలిస్టర్ వాడతారు. 150 డెనియర్, టెక్స్ 17. సరిగ్గా మన 60 వెయిట్. అవెన్యూ రోడ్డు, చిక్‌పేట వైపు వెళ్ళినప్పుడు "సన్న దారం" అని అడక్కండి, ఏదో ఒకటి చేతిలో పెడతారు. "చిన్న అక్షరాలకి వాడే 75/2" అనండి. దానికి కొంచెం మెరుపుంటుంది, అది మీకు ఇష్టమైతేనే.

అక్కడే ఇంకో గోతిలో పడబోయాను. చీర కుచ్చులకి వాడే "సిల్క్ దారం" చూసి, పట్టు కదా సన్నంగా ఉంటుందని ఆశపడ్డాను. "అక్కా, అది మిషన్‌కి ఎక్కదు, కుచ్చులకే" అని కొట్టులో కుర్రాడే ఆపాడు, పుణ్యాత్ముడు. ఆ దారం ఎక్కువగా విస్కోస్ అనే కృత్రిమ పట్టే. పురి సరిగా ఉండదు, సూది బెజ్జంలో పీచుపీచవుతుంది. ముదురు రంగులైతే తడికి దిగుతాయి. అసలు పట్టులో మిషన్‌కి పనికొచ్చే 100 వెయిట్ దారం వేరే ఉంది. అదుంటే మెలికలకి దాన్ని మించింది లేదు. చేత్తో క్విల్టింగ్ చేసేవాళ్ల మైనం పట్టిన దారమూ మిషన్‌కి వద్దు, ఆ పూత దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ ప్లేట్ల మధ్య పేరుకుంటుంది. కనపడని నైలాన్ దారాన్ని పసిపిల్లల బొంతకి నేనైతే వాడను. వేడి ఇస్త్రీకి కరుగుతుంది, తెగిన కొసలు గుచ్చుకుంటాయి.

నూలు దారం కొనేముందు ఒక జానెడు లాగి కిటికీ వెలుగుకి ఎదురుగా పట్టుకోండి. చుట్టూ నూగు లేచి కనపడితే పొట్టి పీచు పత్తి. ఆ నూగంతా బాబిన్ కింద దూదిలా చేరుతుంది. పొడుగు పీచు పత్తితో, మెర్సరైజ్ చేసిన (క్షారంలో ముంచి నునుపు తెచ్చిన) దారమైతే నున్నగా గీతలా ఉంటుంది. నూలేనా అని అనుమానమొస్తే కొస వెలిగించండి. కాగితం కాలిన వాసన, వేళ్లకి నలిగే బూడిద వస్తే నూలు. గట్టి పూసలా ముద్దకడితే పాలిస్టర్.

రంగు సంగతి తేలిక. రీలుని గుడ్డ మీద పెట్టి చూడకండి, రీలులో రంగు ముదురుగా కనపడుతుంది. ఒక్క పోగు విప్పి గుడ్డ మీద పరిచి, పగటి వెలుతురులో చూడండి. పైనా కిందా ఒకటే రంగు పెడితే టెన్షన్‌లో చిన్న తేడా వచ్చినా చుక్కలు బయటపడవు.

సన్న దారానికి టైలర్ల 16 నంబరు సూది పెడితే పని పాడు. మల్‌మల్ మీద దారం కంటే చిల్లులే ముందు కనపడతాయి. టెక్స్ 20, 17లకి 11 నంబరు, మరీ సన్న వాటికి 9. సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి సూదిని మిషన్‌కి పెట్టకుండా విడిగా దాని బెజ్జంలో దారం ఎక్కించి, దారాన్ని ఏటవాలుగా లాగి పట్టుకోండి. సూది మెల్లగా తిరుగుతూ జారితే సరిపోయినట్టు. ఇరుక్కుంటే బెజ్జం చిన్నది, దబ్బున పడితే పెద్దది.

పై టెన్షన్ తగ్గించాలి. నా మిషన్‌లో మామూలుగా 4 మీద ఉండేది, ఈకలకి 2 దగ్గరకి తెస్తాను. మీ మిషన్ మాట మీ మిషనే చెప్పాలి. అడుగు దారం పైకి చుక్కలా వస్తే ఇంకాస్త వదులు చేయండి. బాబిన్‌కి సన్న పాలిస్టర్ చుట్టేటప్పుడు తొందరపడకండి. గబగబా చుడితే అది సాగి బిగుసుకుంటుంది, ప్లాస్టిక్ బాబిన్ నొక్కుకుపోతుంది. కుట్టాక మళ్ళీ ముడుచుకుని గుడ్డనీ ముడతలు పెడుతుంది.

ఇదంతా అసలు బొంత మీద కాదు. అదే గుడ్డ, అదే దూది పొర, అదే అడుగు గుడ్డ జానెడు చదరంగా పేర్చి, ఒక ఈక, నాలుగు మెలికలు కుట్టండి. సూది నంబరు, టెన్షన్, దారం పేరు ఆ ముక్క మీదే బాల్ పెన్నుతో రాసి, సబ్బు పెట్టి ఉతికి ఆరేయండి. ఆ తర్వాత కళ్ళు మూసుకుని కాడ మీద వేలు పోనిస్తాను. తాడు తగిలిందా, ఇంకా సన్న దారం వెతుక్కోవాలి. మా ఇంట్లో ఈ పరీక్ష అత్తయ్యదే. "ఊఁ, ఇప్పుడు కుట్టుకో" అంటేనే మొదలుపెడతాను.