వీలునామా రాయించే ముందు, రాసిచ్చేవాళ్లు మిమ్మల్ని ఏం అడుగుతారో చూడండి

మా నాయన వీలునామాలో చివరి పేజీ కింద రెండు సాక్షి సంతకాలున్నాయి. ఒకదాని కింద పేరుంది, అడ్రస్ లేదు. రెండోదాని పేరు ఎంత కళ్లు చికిలించి చూసినా చదవడానికి రాదు. 2017లో బెంగళూరులోనే ఒక డాక్యుమెంట్ రైటర్ దగ్గర టైపు చేయించారు. సాక్షులెవరని నాయన అడిగితే "మేమే పెట్టిస్తాం, మీరు కూర్చోండి" అని, షాపులో ఉన్న ఇద్దరితో సంతకాలు చేయించి పంపారట.

నాయన 2019లో పోయారు. రామమూర్తినగర్‌లో ఆయన 1994లో కొన్న 30×40 అడుగుల సైటు (ఇంటి స్థలం) మా చెల్లెలికి రాశారు. చివరి నాలుగేళ్లు మంచం పక్కన ఉండి చూసుకున్నది తనే. వీలునామా చెల్లదని అన్న కోర్టుకు వెళ్లాడు. వీలునామాను కోర్టులో నిరూపించాలంటే సంతకం చేసిన సాక్షుల్లో కనీసం ఒకరైనా వచ్చి చెప్పాలి. ఎనిమిది నెలలు వెతికితే ఒకాయన మాలూరులో దొరికాడు. "రోజుకు ఇట్లాంటివి పది పెట్టేవాణ్ని మేడం, మీ నాయన ముఖం కూడా గుర్తులేదు" అన్నాడు. దానికి తోడు కాగితమంతా ఇంగ్లీషు. నాయన హిందూపురంలో తెలుగులో ఏడో తరగతి వరకు చదువుకున్న మనిషి. "ఇందులో ఏం రాశారో ఆయనకు తెలుసా?" అని అవతలి లాయరు అడిగితే మా దగ్గర జవాబు లేదు. చివరికి రాజీపడి సైటు అమ్మి పంచుకున్నారు. డబ్బు చేతికొచ్చిన రోజు చెల్లెలు ఎవరితోనూ మాట్లాడలేదు.

అందుకే 2024లో అమ్మ "నాది కూడా రాయించేయండి" అన్నప్పుడు దగ్గర్లో కనిపించిన షాపుకు వెళ్లలేదు. రెండు నెలలు తిరిగాను. ఆన్‌లైన్ సర్వీసులు, ఒక బ్యాంకు వాళ్లు, ఇద్దరు లాయర్లు. అకౌంట్స్ పని చేసేదాన్ని కాబట్టి ప్రతి ఫోన్ తర్వాత నోట్సు రాసుకున్నాను. ఆ నోట్సులో నాకు అన్నిటికంటే పనికొచ్చింది వాళ్లు చెప్పిన రేటు కాదు, వాళ్లు నన్ను అడిగిన ప్రశ్నలు. మీరూ అదే చేయండి. మొదటి ఫోన్‌లో వాళ్లు ఏమేం అడిగారో రాసిపెట్టుకోండి. ఆస్తి విలువ ఎంతని మాత్రమే అడిగితే వాళ్లు తమ ఫీజు లెక్క కడుతున్నారు, వీలునామా రాయడం లేదు.

మొదట అడగాల్సింది మతం. హిందువులకు, ముస్లింలకు, క్రైస్తవులకు ఈ విషయంలో చట్టం ఒకటి కాదు. ముస్లిం అయితే వారసుల ఒప్పుదల లేకుండా మూడో వంతుకు మించి వీలునామాలో రాయలేరు. క్రైస్తవుల్లో పెళ్లికి ముందు రాసిన వీలునామా పెళ్లితో రద్దవుతుంది. ఈ సంగతి అడగకుండానే ఫారం నింపించే సర్వీసును అక్కడే వదిలేయొచ్చు.

రెండోది, ఆస్తి ఎలా వచ్చిందన్నది. స్వార్జితమా, పిత్రార్జితమా? మనం కొనుక్కున్నది మన ఇష్టం. ఉమ్మడి ఆస్తిలో మాత్రం మన వాటా వరకే రాయగలం. 2005 సవరణ తర్వాత ఆ ఉమ్మడిలో కూతుళ్లూ హక్కుదారులే. నేను చూసిన ఒక ఆన్‌లైన్ ఫారంలో "ఆస్తి వివరాలు" అని ఒక గడి ఉంది, అంతే. అందులో ఏం రాసినా తీసుకుంటుంది. కొడుక్కి మొత్తం రాసేసి నిశ్చింతగా ఉన్నవాళ్లు ఎంతమందో అనిపించింది.

మూడోది మన తెలుగువాళ్లకు బెంగళూరులో ప్రత్యేకంగా వచ్చే చిక్కు, పేరు. అమ్మ ఆధార్ ఇక్కడ తీసుకున్నది, అందులో ఊరి పేరు ఇనీషియల్‌గా ఉంది. హిందూపురం దగ్గర వాళ్లమ్మ ఇచ్చిన ఎకరా పది సెంట్ల భూమి పాస్‌బుక్కులో పుట్టింటి ఇంటిపేరు ఉంది. బ్యాంకులో మూడో రకం. మేము చివరికి ఎంచుకున్న లాయరమ్మ మొదటి పది నిమిషాల్లోనే ఈ మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి, మూడు పేర్లూ ఒకే మనిషివని వీలునామా మొదటి పేరాలోనే రాయాలన్నారు. సర్వే నంబర్, విస్తీర్ణం పాస్‌బుక్కులో ఉన్నట్టే, ఇంటి వివరాలు ఖాతాలో (మునిసిపాలిటీ ఆస్తి రికార్డులో) ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా. మీరు వెళ్లేటప్పుడు ఈ కాగితాల జిరాక్సులు తీసుకెళ్లండి. వాటిని అడగకుండా "నోటితో చెప్పండి చాలు" అన్నారంటే లేచి వచ్చేయండి.

ఆన్‌లైన్ సర్వీసులన్నీ పనికిరావని నేను అనను. ఒక ఫ్లాటు, రెండు బ్యాంకు ఖాతాలు, భార్య, ఒక బిడ్డ ఉన్న నలభై ఏళ్ల ఉద్యోగికి మంచి ఆన్‌లైన్ సర్వీసు సరిపోతుంది. నాకు నాలుగు వేలు చెప్పారు, లాయరమ్మ పన్నెండు వేలు తీసుకున్నారు. అయితే ఒకచోట మాత్రం జాగ్రత్త. ఒక వెబ్‌సైటు వాళ్లు "ఆధార్ ఓటీపీతో సంతకం, ఇంట్లో కూర్చునే అయిపోతుంది" అన్నారు. అది కుదరదు. ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం ఎలక్ట్రానిక్ సంతకానికి ఇచ్చిన గుర్తింపు నుంచి వీలునామాను పక్కన పెట్టింది. ప్రింటు తీయాలి, పెన్నుతో సంతకం పెట్టాలి, కనీసం ఇద్దరు సాక్షులు మీ ఎదుట సంతకం చేయాలి. ఇది 1925 నాటి వారసత్వ చట్టం 63వ సెక్షన్. స్టాంపు పేపర్ అక్కర్లేదు, నోటరీ అక్కర్లేదు. వాటి పేరు చెప్పి బిల్లు పెంచేవాళ్లు కూడా తగిలారు.

బ్యాంకు వాళ్లది వేరే పద్ధతి. తామే ఎగ్జిక్యూటర్‌గా, అంటే మనిషి పోయాక వీలునామా ప్రకారం ఆస్తి పంచే బాధ్యత తీసుకునేవాళ్లుగా ఉంటామని, ఆస్తి విలువలో శాతం తీసుకుంటామని అన్నారు. పిల్లలంతా విదేశాల్లో ఉండి, నమ్మకమైన మనిషి దగ్గర లేనివాళ్లకు అది అవసరమే కావచ్చు. మాకు మేనమామ కొడుకు ఉన్నాడు, వయసులో చిన్నవాడు, లెక్క తప్పని మనిషి. ఆయన్నే పెట్టాం.

ఇక నాకు నిర్ణయం తీసుకునేలా చేసిన సంగతి చెబుతాను. కె.ఆర్.పురంలో లాయరమ్మ ఆఫీసుకు అమ్మను తీసుకెళ్లాను. కూర్చోగానే ఆవిడ నాతో, "మీరు కాసేపు బయట ఉండండి" అన్నారు. నాకు కాస్త కష్టమనిపించింది, నేనే కదా తీసుకొచ్చిందని. తర్వాత అర్థమైంది. ఆస్తి వచ్చేవాళ్లే దగ్గరుండి వీలునామా రాయించారంటే కోర్టు అనుమానంగా చూస్తుంది. ఈ మాట సుప్రీంకోర్టు 1958లోనే చెప్పింది, అదీ మైసూరు రాష్ట్రం నుంచి వెళ్లిన తిమ్మజమ్మ కేసులో. అరగంట తర్వాత అమ్మ బయటికొచ్చింది. కింద హోటల్లో కాఫీ తాగుతూ చెప్పింది: "అన్నీ తెలుగులోనే అడిగిందే ఆయమ్మ. 'మీ చిన్నమ్మాయి మీకంటే ముందు పోతే ఎవరికి?' అనింది. నాకు గుండె ఆగినంత పనయింది. నీళ్లు తాగి, దాని కొడుక్కి అని చెప్పినా." ఆ ప్రశ్న అడగడానికి ఎవరికైనా నోరు రాదు. అడగకపోతే మాత్రం, ఆ వాటా ఎవరికి చేరాలన్నది మనం కాక చట్టం చెబుతుంది. "ఇందులో రాయని ఆస్తి ఏదైనా బయటపడితే ఎవరికి?" అన్నది కూడా అడిగారట. అమ్మ కాసులపేరు సంగతి అలా బయటికొచ్చింది, మా ఎవరికీ తెలియదు అది బ్యాంకు లాకర్లో ఉందని.

భాష గురించి మొదటి రోజే తేల్చుకోండి. వీలునామా తెలుగులో రాసుకోవచ్చు, చట్టం ఏ భాషనూ కాదనదు. రిజిస్టర్ చేయించేటప్పుడు, ఆ ఆఫీసరుకు అర్థం కాని, ఆ జిల్లాలో వాడుకలో లేని భాష అయితే అనువాదం జత చేయమంటారు. మేము అసలుది తెలుగులో రాయించి, కన్నడ అనువాదం జత చేశాం. ఇంగ్లీషులోనే రాయాలని పట్టుబడితే, మొత్తం తెలుగులో చదివి వినిపించామని, అర్థమైందని రాసినవారు ఒప్పుకున్నారని చివర్లో రాయించండి, నిజంగా చదివి వినిపించండి కూడా. మా నాయన కాగితంలో ఆ రెండు వాక్యాలు ఉండుంటే కథ వేరుగా ఉండేది.

నామినీ ఉన్నాడు కదా, వీలునామా ఎందుకని మా బావ అడిగాడు. నామినీ డబ్బు తీసుకునే మనిషి, సొంతదారు కావాలని లేదు. కంపెనీ షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో మళ్లీ ఈ మాటే చెప్పింది. మీరు వెళ్లిన సర్వీసు నామినీల జాబితా కూడా అడిగి, వీలునామాతో పోల్చి చూస్తే మంచి పనివాళ్లు దొరికినట్టే.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించినంత మాత్రాన సాక్షి అవసరం తీరదు. కానీ కాగితం పోయినా ఆఫీసులో నకలు ఉంటుంది, బతికుండగా ఆ నకలు రాసినవాళ్లకు తప్ప వేరేవాళ్లకు ఇవ్వరు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. కదల్లేని స్థితిలో ఉన్నవాళ్ల కోసం సబ్ రిజిస్ట్రార్ ఇంటికొచ్చే వీలు చట్టంలో ఉందని లాయరమ్మ చెప్పారు. అమ్మ మాత్రం, "నేనే వస్తా, నా చేత్తో నేనే ఇస్తా" అని ఆటోలో వచ్చింది.

ఫీజు మాట్లాడేటప్పుడు మార్పు చేయాలంటే ఎంతో కూడా అడగండి. మనసు మారుతుంది, మనవలు పుడతారు. అసలు కాగితం ఎవరి దగ్గర ఉంటుందో అడగండి, తమ దగ్గరే ఉంచుతామంటే ఒప్పుకోకండి. "సాక్షులను మేమే చూసుకుంటాం" అన్నారంటే మాత్రం ఇంకేం అడగక్కర్లేదు, వద్దని చెప్పి వచ్చేయండి.

మా సాక్షులు ఇద్దరు. అమ్మను పదిహేనేళ్లుగా చూస్తున్న డాక్టరు, ఎదురింటి కన్నడ టీచరు. ఇద్దరూ అమ్మకంటే చాలా చిన్నవాళ్లు, ఇద్దరికీ వీలునామాలో దమ్మిడీ రాదు. లోపల ఏముందో వాళ్లకు చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. డాక్టరు అదే రోజు అమ్మ మాట, జ్ఞాపకం బాగున్నాయని లెటర్‌హెడ్ మీద రాసిచ్చారు. ప్రతి సంక్రాంతికి ఇద్దరికీ ఫోన్ చేస్తాను. మొన్న టీచరమ్మ ఇల్లు మారి హొస్కోటె వెళ్లిందని తెలిసింది. కొత్త అడ్రస్, నంబరు కవరు మీద రాసి, మేనమామ కొడుక్కి ఫొటో పంపాను.