అన్నం ముద్దయింది యాప్ వల్ల కాదు, కప్పు వల్ల

మాది మెహిదీపట్నం, నాకు వంట ఫోన్ చూసే వచ్చింది. ఓ వంటల యాప్ ఏడ్రోజులు ఫ్రీ అంటే వేసుకున్నా, అందులో చెప్పినట్టే కప్పు బియ్యానికి రెండు కప్పుల నీళ్లు పోస్తే వరసగా మూడ్రోజులు అన్నం ముద్దే, మా అత్తమ్మ అయితే మూత తీసి "ఏందమ్మా ఇది, అన్నమా గట్కనా" అన్నది, నవ్వాలో ఏడ్వాలో తెల్వలే. తర్వాత చూస్తే తప్పు యాప్‌ది కాదు. బియ్యం కొలిచింది రైస్ కుక్కర్‌తో వచ్చిన కప్పుతో, అది 180 ఎంఎల్, నీళ్లు పోసింది కేక్ కోసం కొన్న కొలత కప్పుతో, అది 240. అంటే 360 పోయాల్సిన చోట 480 పోస్తున్నా! ఇప్పుడు రెండిటికీ ఒకటే గ్లాసు.

యాప్ మాత్రం తీసేశా. కానీ డిలీట్ చేస్తే సరిపోదు, ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్స్‌లోకి పోయి క్యాన్సిల్ కొట్టాలి, లేకపోతే డబ్బులు కట్ అవుతూనే ఉంటయ్ (నాకు ఓ నెలవి పోయినయ్, రైతుబజార్లో బోలెడు కూరగాయలొచ్చేవి).

ఇప్పుడు అన్నీ ఫ్రీవే. గూగుల్ కీప్ అనే నోట్స్ యాప్‌లో సామాన్ల లిస్టు రాసి మా ఆయనకి షేర్ చేశా, ఆయన బజార్లో టిక్ కొడితే నాకు ఇంట్లో కనిపిస్తది. స్టవ్ మీద రెండు గిన్నెలుంటే క్లాక్ యాప్‌లో రెండు టైమర్లు. అత్తమ్మ పచ్చిపులుసు చెప్తుంటే కీబోర్డ్ మైక్ తెలుగులో పెట్టి ఆన్ చేశా, అంతా బానే పడింది, ఉప్పు దగ్గర మాత్రం "నీకు తెల్వదా ఎంతెయ్యాల్నో" అని పడింది, అట్లనే సేవ్ చేసి పెట్టుకున్నా.