టైమింగ్ బెల్ట్ మార్చాక సెల్ఫ్ కొట్టే ముందు

టైమింగ్ బెల్ట్ క్రాంక్‌ను (పిస్టన్లకు కలిసిన షాఫ్టు), క్యామ్‌ను (వాల్వులను తెరిచే షాఫ్టు) లెక్క తప్పకుండా కలిపి తిప్పుతుంది. కొత్త బెల్ట్ బిగించగానే సెల్ఫ్ కొట్టకండి. డస్టర్ 1.5 డీజిల్ లాంటి ఇంజన్లలో టైమింగ్ తప్పితే పైకొచ్చే పిస్టన్, తెరిచున్న వాల్వులను గుద్ది వంచేస్తుంది.

క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి, ఇంజన్ తిరిగే దిక్కునే చేత్తో 2 పూర్తి చుట్లు తిప్పండి. క్రాంక్ 2 చుట్లు తిరిగితేనే క్యామ్ ఒక చుట్టు పూర్తవుతుంది, అందుకే ఒక్క చుట్టుతో తేలదు. పుల్లీల మీది టైమింగ్ మార్కులు మళ్లీ కలవాలి. పుల్లీ పళ్లలో ఒక్క పన్ను తేడా ఉన్నా బెల్ట్ విప్పాల్సిందే. తిప్పేటప్పుడు తగిలే బరువు కంప్రెషన్‌ది (సిలిండర్‌లో నొక్కుకుపోయిన గాలిది) అయితే, కాసేపాగితే మెల్లగా వదులుతుంది. పిస్టన్ వాల్వుకు తగిలితే టక్కున ఆగిపోతుంది. అప్పుడు బలం పెట్టారో, వాల్వు పోయినట్టే.

ఇప్పటికే సెల్ఫ్ కొట్టేశారా? ఇంజన్ మరీ తేలిగ్గా తిరుగుతోందా? కంప్రెషన్ చూపించండి. పడిపోతే హెడ్ (వాల్వులుండే ఇంజన్ పై భాగం) దించి, విశాఖ గాజువాక ఆటోనగర్‌లో వాల్వులు, గైడ్లు (వాల్వు కాడ ఆడే గొట్టాలు) చెక్ చేయించండి. తిరిగి బిగించేటప్పుడు హెడ్ గాస్కెట్, హెడ్ బోల్టులు కొత్తవే వేయండి.