ఇంటి బీమా పత్రంలో తప్పుల సవరణ: మూడవ పాఠం – గజాలు, అడుగులు, మీటర్లు

పాలసీ షెడ్యూలును (పేరు, చిరునామా, విస్తీర్ణం, బీమా మొత్తం రాసి ఉండే పత్రం) ఇంటి పన్ను రసీదు, రిజిస్ట్రేషన్ దస్తావేజుల పక్కన పెట్టి తప్పులు గుర్తించమని గత పాఠంలో చెప్పాను. మీరు పంపిన సవరణ దరఖాస్తుల నకళ్లు చూశాను. విస్తీర్ణం దగ్గర చాలామంది ఒక తప్పును తీసేసి మరో తప్పును రాశారు. కొలతల సంగతి అప్పుడే వివరించవలసింది, నేను వివరించలేదు. అందుకే ఈ పాఠం దానికే కేటాయిస్తున్నాను.

పేరులోని అక్షరదోషానికీ, ఇంటి నంబరుకూ దరఖాస్తుతో పాటు ఆధారపత్రం నకలు జతచేస్తే సరిపోతుంది. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హన్మకొండగా, వరంగల్ రూరల్ జిల్లా వరంగల్‌గా మారాయి కనుక పాత పాలసీని పొడిగించుకుంటూ వస్తున్నవారు జిల్లా పేరు కూడా చూసుకోవాలి.

ఇక విస్తీర్ణం. మన వైపు ఇల్లెంత అని అడిగితే రెండు వందల గజాలని చెబుతాం, కానీ అది స్థలం కొలత. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీ భూమికి వర్తించదు. అది అడిగేది కట్టడపు కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల వాడుకునే నేల వైశాల్యం, అదీ చదరపు మీటర్లలో. బయటి గోడలు, వరండా, బాల్కనీ, డాబా ఇందులోకి రావు, లోపలి అడ్డుగోడల మందం మాత్రం వస్తుంది.

రెండు వందల గజాల స్థలంలో 1,100 చదరపు అడుగుల కార్పెట్ ఏరియాతో ఇల్లు ఉందనుకోండి. చదరపు మీటరుకు 10.764 చదరపు అడుగులు కనుక, 1,100ను 10.764తో భాగిస్తే 102.2 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు నిర్మాణ ఖర్చు 20,000 రూపాయలైతే బీమా మొత్తం 20 లక్షల 44 వేలు. మీటర్ల గడిలో గజాల లెక్క 200 పడితే అది 40 లక్షలవుతుంది, అడుగుల లెక్క 1,100 పడితే 2 కోట్ల 20 లక్షలవుతుంది. ఇంట్లోని సామానుకు ఈ పాలసీలో కట్టడం మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు రక్షణ దానంతటదే వస్తుంది కాబట్టి ఆ అంకె కూడా తప్పుతుంది. ప్రీమియం ఏటా ఎక్కువ కడతారు, నష్టం జరిగిన నాడు మాత్రం లెక్కలోకి వచ్చేది అసలు కట్టడమే.

నేనైతే అడుగుల జోలికే పోను, టేపులో మీటర్ల అంచునే చూస్తాను. టేపు కొనను బయటి గోడ లోపలి ముఖానికి ఆనించి, ఎదుటి బయటి గోడ దాకా కొలవండి. మధ్యలో అడ్డుగోడ వస్తే గది కొలతకు దాని మందం కూడా కలపండి. గుమ్మం దగ్గర ఆ మందం స్పష్టంగా తెలుస్తుంది.

ఏజెంటుకు ఫోనులో చెప్పినంత మాత్రాన, పాలసీ కాగితం మీద పెన్నుతో దిద్దినంత మాత్రాన సవరణ జరగదు. కంపెనీ నుంచి ఎండార్స్‌మెంట్ పత్రం, అంటే పాలసీలో మార్పును ధ్రువీకరించే పత్రం, చేతికి రావాలి, అందులో అమలు తేదీ సరిగా ఉందో లేదో చూడాలి.

అభ్యాసం: వచ్చే పాఠంలోగా అన్ని అంతస్తులూ కొలిచి, గదివారీగా పట్టిక వేసి, వచ్చిన మొత్తాన్ని షెడ్యూలులోని అంకె పక్కన రాయండి. తేడా కనిపిస్తే ఆ పట్టికను జతచేసి ఎండార్స్‌మెంట్ కోరుతూ దరఖాస్తు రాయండి.