ఆర్‌డీ 350 ఇంజిన్‌కు మిగిలిన ఒక్క మిల్లీమీటరు

యమహా సాంకేతికతతో ఎస్కార్ట్స్ సంస్థ మన దేశంలో తయారుచేసిన రాజ్‌దూత్ 350 (ఆర్‌డీ 350) మోటారు సైకిల్ ఉత్పత్తి 1983లో మొదలై, ఆ దశాబ్దం ముగిసేలోపే ఆగిపోయింది. 347 సీసీల ఆ రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ ఇంజిన్ తొలి హెచ్‌టీ (హై టార్క్) రకంలో 30.5 బీహెచ్‌పీ, తర్వాతి ఎల్‌టీ (లో టార్క్) రకంలో 27 బీహెచ్‌పీ ఇచ్చేది. కొత్త సిలిండర్ బోరు, అంటే లోపలి వ్యాసం, 64 మిల్లీమీటర్లు. అరిగినప్పుడల్లా పావు మిల్లీమీటరు చొప్పున తొలిచి (బోరింగ్ చేసి) పెంచుతూ పోతే నాలుగో బోరింగ్‌తో 65కు చేరుతుంది. అక్కడితో దాని సహజమైన ఆయుష్షు తీరి, ఇక లైనర్ (సిలిండర్ లోపలి ఇనుప గొట్టం) మార్చడమే దారి అవుతుంది. హైదరాబాదులో ఈ బండి ఉన్నవారు ఆ ఒక్క మిల్లీమీటరును ఎలా పొదుపుగా వాడుకోవాలో ఇక్కడ వివరిస్తాను.

మొదటి నియమం, కారణం తేలకుండా ఇంజిన్ విప్పకూడదు. పొగ ఎక్కువైందనో, లాగడం లేదనో చెప్పగానే హెడ్ దించి బోరింగ్‌కు పంపే అలవాటు మన గ్యారేజీల్లో బలంగా ఉంది. చాలాసార్లు తప్పు క్రాంక్ ఇరుసు రెండు చివర్లనూ మూసి ఉంచే రబ్బరు ఆయిల్ సీళ్లదే. క్లచ్ వైపు సీల్ పోతే ఇంజిన్ గేర్ ఆయిల్‌ను పీల్చుకుని ఆగకుండా తెల్లపొగ వదులుతుంది. జనరేటర్ వైపు సీల్ పోతే గాలిని పీల్చుకుంటుంది కాబట్టి మిశ్రమం పలచబడి, యాక్సిలరేటర్ వదిలినా ఆర్‌పీఎం వెంటనే దిగదు. ఈ రెండోది ప్రమాదకరం, ఎందుకంటే పిస్టన్ పట్టేసేది సాధారణంగా ఇలాంటి స్థితిలోనే. దీన్ని తేల్చుకోవడానికి రెండు సిలిండర్ల ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ ద్వారాలను రబ్బరు బిరడాలతో మూసి, ప్లగ్ రంధ్రం గుండా 6 పీఎస్‌ఐ ఒత్తిడితో గాలి ఎక్కించి, ఆరు నిమిషాల పాటు గేజ్ ముల్లు దిగుతుందో లేదో చూడాలి. ఇందుకు ప్రత్యేక పరికరం కొననక్కరలేదు. పాత బీపీ మిషన్ గడియారంలో చివరి 300 గీత సుమారు 5.8 పీఎస్‌ఐకి సమానం, అది చాలు. గాలి దిగితే సబ్బు నీళ్లు పూసి బుడగలు ఎక్కడ వస్తున్నాయో వెతకాలి.

సీళ్లు, బేరింగ్‌లు కంపెనీ డబ్బాలోనే దొరకాలని పట్టుబట్టనక్కరలేదు. వాటి మీద ముద్రించిన కొలతలు రాసుకుని రాణీగంజ్‌లోని బేరింగ్ దుకాణాలకు వెళ్తే సమానమైనవి దొరికే అవకాశం ఉంది. నలభై ఏళ్లుగా విప్పని ప్యాకెట్‌లో ఉన్న అసలు సీల్ అంటే అభిమానులకు ఎంత మోజైనా, దాని రబ్బరు ఈపాటికి గట్టిపడి ఉంటుంది కనుక అది అలమరలో అందంగా ఉంటుందే గాని ఇంజిన్‌లో పనికిరాదు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో క్రాంక్‌కేస్ కనిపిస్తే ముందు నంబరు చూడాలి. నంబరు గీకేసిన కేసు ఎంత చవకగా వచ్చినా కొనవద్దు, ఆర్‌సీతో సరిపోలని ఇంజిన్ రేపు రవాణా కార్యాలయంలో మిమ్మల్నే ఇరికిస్తుంది.

బోరింగ్ తప్పనిసరి అయినప్పుడు పిస్టన్లు ముందు కొనాలి, సిలిండర్లు తర్వాత పంపాలి. ఈ వరుస తెలియక నేను నష్టపోయాను. ఒక లేత్ షాపులో రెండు సిలిండర్లనూ అసలు కొలత కన్నా 0.50 మిల్లీమీటర్లు పెద్దగా బోరు చేయించి, తీరా కొన్న పిస్టన్లను కొలిస్తే ఒకటి రెండోదానికన్నా చిన్నదిగా తేలింది. ఆ ఖాళీని సరిచేయడానికి మరో పావు మిల్లీమీటరు వదులుకోవాల్సి వచ్చింది. కాబట్టి ప్రతి పిస్టన్‌నూ గడ్జన్ పిన్‌కు (పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌కు కలిపే పిన్) అడ్డంగా, స్కర్ట్ (పిస్టన్ కింది అంచు) కింది భాగంలో మైక్రోమీటర్‌తో కొలిచి, దాని సిలిండర్‌ను దానికే సరిపోయేలా చేయించాలి. బాలానగర్, జీడిమెట్లల్లో ఈ పని చేయగల యంత్రాలకు కొదవ లేదు గాని, టూ-స్ట్రోక్ సిలిండర్‌కు పోర్టులు (గోడలోని ద్వారాలు) ఉంటాయన్న సంగతి మీరే గుర్తుచేయాలి. బోరింగ్ తర్వాత పోర్టుల అంచులను నునుపు చేయకపోతే రింగులు వాటికి తగులుకుని విరుగుతాయి. హోనింగ్ (బోరు గోడను రాయితో సాన పట్టడం) ముగిశాక వేడినీళ్లు, సబ్బుతో కడిగి, తెల్లగుడ్డతో తుడిచినప్పుడు మరక అంటనంత వరకూ మళ్లీ మళ్లీ కడగాలి.

బిగింపులో ఎక్కువ ఓపిక కోరేది ఇగ్నిషన్. రెండు సిలిండర్లకు వేర్వేరు పాయింట్లు (ప్లగ్‌లో నిప్పురవ్వ పుట్టించేందుకు తెరుచుకునే కాంటాక్టులు) ఉన్నాయి కనుక ముందు గ్యాప్‌ను 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్ల మధ్య ఉంచి, ఆ తర్వాత డయల్ గేజ్‌తో ఒక్కో సిలిండర్ టైమింగ్‌ను విడివిడిగా మాన్యువల్ ప్రకారం పెట్టాలి. ఒకదాన్ని చూసి రెండోది కూడా సరిగానే ఉంటుందనుకుంటే పిస్టన్‌కు చిల్లు పడవచ్చు. రెండు కార్బురేటర్ల స్లైడ్‌లు ఒకేసారి లేవాలి. ఇంజిన్‌కు ఆయిల్ అందించే ఆటోల్యూబ్ పంపు గొట్టాల్లో గాలి బుడగ ఒక్కటీ మిగలకూడదు.

ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలు తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది. వానాకాలంలో బండి రెండు వారాలకు మించి నిలిపేటట్లయితే కార్బురేటర్ గిన్నెలను ఖాళీ చేయాలి. కొత్త బోరును అలవాటు చేయడానికి ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గంపై ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు కాబట్టి వికారాబాద్ దారి మేలు. అయితే అనంతగిరి దిగుడులో యాక్సిలరేటర్ పూర్తిగా మూసి గేరు మీద దిగితే ఇంజిన్‌కు ఆయిల్ సరిగా అందదు, అందుకే మధ్యమధ్య కొద్దిగా తెరుస్తూ దిగాలి.

ఇదంతా ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. నగరంలో నలుగురైదుగురు యజమానులు కలిస్తే ఒక డయల్ గేజ్, క్రాంక్‌ను విప్పి బిగించే ఒక ప్రెస్ జిగ్ అందరికీ సరిపోతాయి. లైనర్లు పది ఒకేసారి చేయిస్తే ఒక్కోదాని ఖర్చు తగ్గుతుంది, షాపు కూడా శ్రద్ధ పెడుతుంది. క్రాంక్‌ను కళ్లతో చూసి వంకర చెప్పగల ఉస్తాద్‌లు పెద్దవారైపోతున్నారు, వారు పని చేస్తున్నప్పుడు పక్కన కూర్చుని ప్రతి అడుగునూ ఫోన్‌లో చిత్రీకరించుకోవాలి. చివరగా, ఒక్కో ఇంజిన్‌కు ఒక నోటుపుస్తకం పెట్టి నంబరు, రెండు సిలిండర్ల ప్రస్తుత బోరు, పిస్టన్ల కొలత, సీళ్లు మార్చిన తేదీ అందులో రాయాలి. బండి చేతులు మారితే ఆర్‌సీతో పాటు ఆ పుస్తకాన్నీ కొత్త యజమానికి అప్పగించాలి.