టర్బో కారుకి మనమే ఆయిల్ మార్చుకుందాం – పాఠం 3: ఎఫ్ గీత దాటకుండా పోయడం

పోయిన పాఠంలో పాత ఆయిల్ దింపి, ఫిల్టర్ మార్చి, డ్రైన్ ప్లగ్‌కి కొత్త వాషర్ వేసి బిగించేదాకా వచ్చాం. ఇప్పుడు కొత్త ఆయిల్ పోయడం, అదీ డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద ఎఫ్ (ఫుల్, అంటే నిండు) గీత దాటకుండా. ఇందులో నేర్చుకునేదేముంది, జగ్ వంచితే అయిపోయె అంటారు, అసలు తేడా వచ్చేది ఆ జగ్ దగ్గరే.

మనం తీసుకున్న కారు 2015–2021 సుబారు డబ్ల్యూఆర్ఎక్స్, 2 లీటర్ల టర్బో (పొగ ఊపుకి తిరిగి ఇంజిన్‌లోకి గాలి నెట్టే చక్రం ఉన్నది). (2022 తర్వాత 2.4 ఇంజిన్ వచ్చింది, దాని అంకె వేరు, మాన్యువల్ చూసుకోండి.) ఫిల్టర్‌తో కలిపి దీనికి పట్టేది 5.1 లీటర్లు, అంటే 5.4 క్వార్ట్‌లు. అమెరికాలో షాపులో ఏమో 5 క్వార్ట్‌ల జగ్, పక్కనే 1 క్వార్ట్ సీసా దొరుకుతాయి. జగ్ మొత్తం పోసేసి, ఇంకా 0.4 కావాలి కదా అని సీసా మూత తీసి, కొంచెమే మిగిలింది దాచడమెందుకులే అని అదీ వంపేస్తారు. అయింది 6 క్వార్ట్‌లు, అర లీటరు పైనే ఎక్కువ. పైగా పాత ఆయిల్ మొత్తం ఎప్పుడూ దిగదు, కొంత లోపలే ఉండిపోతుంది, అదీ కలుస్తుంది.

ఎక్కువైతే ఏమవుద్ది? మట్టం బాగా పైకొస్తే ఇంజిన్ అడుగున తిరిగే ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్, ఆయిల్‌ని తాకి కవ్వంతో చిలికినట్టు చిలికేస్తుంది, నురగొస్తుంది. పంపు ఆ గాలి బుడగల్ని కూడా లాగి బేరింగులకి పంపుతుంది. మామూలు ఇంజిన్‌కే అది మంచిది కాదు, ఇక టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్ష పైన చుట్లు తిరుగుతూ పల్చటి ఆయిల్ పొర మీద తేలుతుంటుంది, ఆ పొరలో గాలి చేరితే అరుగుదల మొదలైనట్టే. ఇంకోటి, చాలా కార్లలో టర్బోలోంచి ఆయిల్ తనంతట తానే కిందికి జారి సంప్‌లో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) పడాలి, కింద మట్టం, ఒత్తిడి పెరిగితే ఆ దారి ఇరుకై సీల్స్ దాటి బయటికొస్తుంది, అప్పుడే సైలెన్సర్‌లో నీలి పొగ. పీసీవీ గొట్టంలోంచి (ఇంజిన్ లోపలి ఆవిర్లని బయటికి లాగేది) ఆయిల్ ఆవిరి ఇంటేక్‌లోకి, అంటే ఇంజిన్‌కి గాలి వెళ్ళే దారిలోకి పోయి ఇంటర్‌కూలర్‌లో (ఆ గాలిని చల్లబరిచేది) చేరుతుంది, పెట్రోల్‌తో కలిసి కాలితే నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండి ఇంజిన్ టకటకమనడం) కూడా పెరగొచ్చు. ఎఫ్ మీద వంద మిల్లీలీటర్లు ఎక్కువైతే మాత్రం కంగారు పడక్కర్లేదు, నా లెక్కలో అది గొడవే కాదు.

ఇక పద్ధతి. ముందు నాలుగున్నర క్వార్ట్‌లు పోయండి, జగ్ పక్కన గీతలుంటాయి. మూత పెట్టి ఇంజిన్ ఒక నిమిషం ఆన్ చేయండి, కొత్త ఫిల్టర్ నిండుతుంది. ఆపి పది నిమిషాలు ఆగండి. కారు ర్యాంపుల మీదుంటే దింపి సమతలంగా ఉన్న చోట పెట్టండి, ఇంటి ముందు డ్రైవ్‌వే వాలుగా ఉంటుంది, అక్కడ చూసింది నమ్మొద్దు. డిప్‌స్టిక్ తీసి తుడిచి, ఆఖరి దాకా దింపి, మళ్ళీ తీసి రెండు వైపులా చూడండి. ఒకవైపు ఎఫ్ దగ్గర, ఇంకోవైపు కిందికి కనిపిస్తే కిందిదే లెక్క, పైది గొట్టం గోడకి అంటుకున్న ఆయిల్ పూసిందే. తర్వాత కొంచెం కొంచెం పోస్తూ ఎఫ్‌కి ఒక వెంట్రుక కింద ఆపేయండి. డిప్‌స్టిక్ మీద ఎఫ్‌కి పైన ఇంకో గాటు కనిపిస్తుంది, అక్కడిదాకా పోయమని కాదు, వేడిగా ఉన్నప్పుడు ఆయిల్ వ్యాకోచించి అక్కడికి రావచ్చని అర్థం. చల్లగా ఉన్నప్పుడు ఎఫ్ దాటకూడదు, అంతే.

టాప్‌అప్‌లో (తగ్గినంత ఆయిల్ కలిపేటప్పుడు) కూడా ఇదే తిప్పలు. ఎల్ (లో, అంటే తక్కువ) గీత నుంచి ఎఫ్‌కి మధ్య దూరం సుమారు 1 లీటరు, సీసా 0.95 లీటరు. మట్టం సగంలో ఉంటే సీసాలో సగమే పోయాలి, కానీ జనం మొత్తం పోసేస్తారు.

ఒక్కోసారి మీరేం పోయకుండానే మట్టం పెరుగుతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే) టర్బోల్లో చలికాలంలో చిన్న చిన్న దూరాలే తిప్పితే కాలని పెట్రోల్ ఆయిల్‌లోకి దిగుతుంది, 2018లో చైనాలో హోండా 1.5 టర్బో సీఆర్-వీల మీద పెద్ద గొడవైంది ఇదే. డిప్‌స్టిక్ వాసన చూడండి, పెట్రోల్ ఘాటుగా కొడితే కొంచెం తీసి సరిపెట్టడం కాదు, మొత్తం ఆయిల్ మార్చేయాలి.

మరి పోసేశాక తెలిస్తే? నడపకండి. డ్రైన్ ప్లగ్ కొంచెం వదులు చేస్తే చేయంతా ఆయిల్, నేలంతా ఆయిల్. పెద్ద సిరంజికి సన్న ప్లాస్టిక్ ట్యూబ్ తగిలించి డిప్‌స్టిక్ గొట్టంలోంచి లాగండి, తీసింది కొలిచే సీసాలో పోస్తూ మధ్యమధ్యలో మట్టం చూసుకోండి.

ఈ వారం పని: ఇంజిన్ ఆన్ చేయకముందు పొద్దున ఒకసారి, నడిపొచ్చి పది నిమిషాలు ఆగాక ఒకసారి డిప్‌స్టిక్ ఫోటో తీసి పక్కపక్కన పెట్టి చూడండి, మీ కారులో రెండింటికీ తేడా ఎంతో రాసిపెట్టుకోండి. వచ్చే పాఠం పీసీవీ గొట్టాలు, దానికి ఈ అంకె కావాలి.